మానాలన్న మాట క్లయింటు నోట రావాలంటే

మద్యం, మత్తుమందుల సమస్యతో కౌన్సెలింగ్‌కు వచ్చేవారిలో చాలామందికి మానాలనీ ఉంటుంది, వదులుకోవాలంటే మనసూ ఒప్పదు. ఈ ఊగిసలాటను మొండితనం అనుకోకండి. మీరు "మానేయాల్సిందే" అని పట్టుబడితే, వాళ్లు ఎందుకు మానలేరో వాదిస్తారు. అలా చెప్పిన కొద్దీ ఆ కారణాలు వాళ్లలోనే బలపడతాయి. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, అంటే మార్పుకు కారణాలు క్లయింటు నోటే వచ్చేలా మాట్లాడే పద్ధతి, ఇక్కడే పనికొస్తుంది.

"మీ తాగుడు గురించి కాసేపు మాట్లాడుకుందామా?" అని ముందు అనుమతి తీసుకోండి. తాగితే కలిగే ఊరట ఏమిటో కూడా వినండి.

తర్వాత అడగండి: "0 నుంచి 10 వరకు, తగ్గించుకోవడం మీకెంత ముఖ్యం?" 4 అన్నారనుకోండి. "8 ఎందుకు కాదు?" అంటే సాకులొస్తాయి. "2 అనకుండా 4 ఎందుకన్నారు?" అంటే మార్పుకు కారణాలొస్తాయి. "పిల్లలు భయపడుతున్నారండీ" అన్నారా, "వాళ్లు మీ దగ్గర ధైర్యంగా ఉండాలని మీ కోరిక" అని తిరిగి చెప్పి ఆగండి. ఆ మౌనాన్ని సలహాతో నింపకండి. చాలా సెషన్లు చెడేది అక్కడే. 0 అంటే, "ఏం జరిగితే 1 అవుతుంది?" అనండి.

తగ్గించుకోగలనన్న నమ్మకం ఎంతుందో కూడా అదే కొలతతో అడగండి. ముఖ్యం 8, నమ్మకం 2 అయితే ఇక కారణాలు తవ్వనక్కర్లేదు. ఇంతకుముందు తాగకుండా ఉన్న రోజుల్లో ఏం సాయపడిందో అడిగి, ఈ వారానికి ఒక చిన్న అడుగు వాళ్లనే ఎంచుకోనివ్వండి.

రోజూ ఎక్కువగా తాగేవారు "రేపటినుంచే బంద్" అంటే మాత్రం ముందు డాక్టరు దగ్గరికి పంపండి. హఠాత్తుగా మానితే తొలి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు.