పాత మందుల ప్రకటనలను చదివే పద్ధతి

విక్టోరియా రాణి కాలం నాటి మందుల ప్రకటన ఒకటి చేతికి చిక్కితే, చదివి నవ్వుకుని పక్కన పెట్టేయడం చాలా తేలిక. అయితే ఆ మందుల్లో చాలావాటికి ఏదో ఒక నిజమైన గుణం ఉండేది; అమ్మేవాడు ఆ ఒక్క గుణాన్ని పట్టుకుని దాన్ని ముప్పై రోగాల దాకా సాగదీసేవాడు. కాబట్టి ఇటువంటి ప్రకటనను చదివేటప్పుడు నిజం ఎంతవరకు ఉంది, సాగదీత ఎక్కడ మొదలైంది అన్నది తేల్చుకోవాలి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పాత పత్రికలు తిరగేసే విద్యార్థులకూ, అటక మీది పెట్టెల్లో తాతల నాటి సీసాలు దొరికినవారికీ పనికివస్తుందని ఈ పద్ధతిని రాస్తున్నాను.

వెతికేవారికి ముందుగా ఒక మాట. ఆ రోజుల్లో చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణంగా ఉండేది, తిరుపతి కూడా ఆ జిల్లాలోనిదే. చిత్తూరు జిల్లా 1911లో గానీ ఏర్పడలేదు. అందువల్ల పాత కాగితాలను ఉత్తర ఆర్కాటు పేరు కిందా, పత్రికలను మద్రాసు ముద్రణల్లోనూ వెతకాలి. పాత సీసాలో మందు మిగిలి ఉంటే మూత తీసి వాసన చూడడం, నాలుకకు తగిలించడం చేయకూడదు. ఎందుకన్నది కిందికి వచ్చేసరికి తెలుస్తుంది.

మొదట రోగాల పట్టికను ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్క రోగానికి ఎదురుగా దాని కారణాన్ని రాయాలి. 1837లో లేపనంతో వ్యాపారం మొదలుపెట్టి, తరువాత మాత్రలకు దిగిన లండను వ్యాపారి థామస్ హాలోవే ప్రకటన ఇందుకు మంచి పాఠం. చలిజ్వరం, ఉబ్బసం, క్షయ, కామెర్లు, మూర్ఛలు, మొలలు, మూత్రంలో రాళ్లు, కడుపులో పురుగులు, కణుతులు, సుఖరోగాలు అన్నీ ఆ పట్టికలో ఇంగ్లీషు అక్షరక్రమంలో బారులు తీరి ఉంటాయి, చివర ఏ కారణం వల్ల వచ్చిన నీరసమైనా సరే పోతుందన్న హామీ కూడా ఉంటుంది. క్షయకు సూక్ష్మజీవి కారణమని రాబర్ట్ కోక్ 1882లో ప్రకటించాడు. చలిజ్వరం క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే 1897లో కనిపెట్టాడు. మూలం వేరువేరుగా ఉన్న ఇన్ని రోగాలను ఒకే మాత్ర కుదురుస్తుందంటే, ఆ పట్టికను రాసినవాడు రోగాన్ని చూసి రాయలేదని, కొనేవారి భయాలను లెక్కపెట్టుకుని రాశాడని గ్రహించాలి.

తరువాత చూడవలసింది మందులో ఏమున్నదన్న సంగతి. ప్రకటనలో అది ఉండదు. గుట్టే ఆ వ్యాపారానికి పెట్టుబడి. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఇటువంటి మందులను పరీక్ష చేయించి, ఫలితాలను 1909లో ‘సీక్రెట్ రెమెడీస్’ అనే పుస్తకంగా వేసింది. అందులో ఇంగ్లండులో అమ్మే బీచమ్ మాత్రల గుట్టు బయటపడింది: మూసాంబరం, శొంఠి, సబ్బు. మూసాంబరం మనకు కొత్తదేమీ కాదు. దెబ్బ తగిలి వాచినచోట అరగదీసి పట్టు వేసేందుకు మన ఊళ్లలో మూలికల అంగడి నుంచి తెచ్చుకునే నల్లటి చేదు ముక్క అదే. కడుపులోకి వెళితే అది విరేచనం చేయిస్తుంది. మలబద్ధకంతో బాధపడుతున్నవాడికి బీచమ్ మాత్ర నిజంగానే పనిచేసింది, ఆ సుఖం చూసినవాడు మిగిలిన రోగాల మాటను కూడా నమ్మాడు.

ఇక్కడ ధరను కూడా లెక్క కట్టడం మంచిది. 56 మాత్రల పెట్టె ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీకి అమ్మేవారు; అందులోని సరుకు విలువ అర ఫార్దింగు అని ఆ పుస్తకం తేల్చింది. పెన్నీకి నాలుగు ఫార్దింగులు, షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. ఒకటిన్నర పెన్నీ సర్కారు సుంకం కింద పోయినా, మిగిలిన షిల్లింగు సరుకు విలువకు 96 రెట్లు. పెట్టె మీద మాత్రం దీని విలువ ఒక గిన్నీ, అంటే 21 షిల్లింగులు అని గొప్పగా అచ్చువేసేవారు.

విరేచనపు మాత్రలు జేబును ఖాళీ చేశాయి గానీ, నల్లమందు కలిసిన సీసాల కథ వేరు. అమెరికాలో 1849లో మొదలైన మిసెస్ విన్స్లో సూదింగ్ సిరప్ పళ్లు వచ్చే పసిబిడ్డల ఏడుపు మాన్పుతుందని చెప్పేవారు. బిడ్డ ఏడుపు మానిన మాట నిజమే, కారణం అందులో ఉన్న, నల్లమందు నుంచి తీసే మార్ఫిన్. మోతాదు మించితే ఆ నిద్రలోనే ఊపిరి ఆగిపోయేది. భారతదేశంలో కొలువు చేసిన సైనిక వైద్యుడు జాన్ కాలిస్ బ్రౌన్ తయారుచేసిన క్లోరోడైన్‌లో నల్లమందు, గంజాయి, క్లోరోఫాం మూడూ ఉండేవి. నల్లమందు పేగుల కదలికను తగ్గిస్తుంది కనుక భేదులు కట్టుబడతాయి, నొప్పి తెలియదు, దగ్గు కూడా అణుగుతుంది. వాంతిభేది వచ్చినవాడిని చంపేది ఒంట్లో నీరు పోవడం. ఆ నీటిని ఈ మందు తిరిగి ఇవ్వలేదు. కాబట్టి ‘ప్రశాంతత’, ‘సహజమైన నిద్ర’, ‘వెంటనే ఉపశమనం’ వంటి మాటలు కనిపిస్తే మత్తుపదార్థాన్ని అనుమానించాలి. పాత సీసా మూత తీయవద్దని పైన చెప్పింది ఇందుకే.

సర్కారు ముద్ర చూసి మోసపోకూడదు. ఇంగ్లండులో 1783 నుంచి ఇటువంటి మందుల మీద సుంకం ఉండేది, అది కట్టినందుకు పెట్టె మీద ఒక చీటీ అంటించేవారు. పన్ను కట్టాడన్నదే ఆ చీటీకి అర్థమైనా, ప్రభుత్వమే మందును మెచ్చుకుందని జనం అనుకునేవారు; అమ్మేవారు ఆ భ్రమను పోగొట్టే ప్రయత్నం చేయలేదు సరికదా, చీటీ లేనిది నకిలీ అని ఊదరగొట్టారు. ఈనాటి డబ్బా మీద కనిపించే లైసెన్సు నంబరును కూడా ఇదే చూపుతో చూడాలి. తయారుచేసేందుకు అనుమతి ఉన్నదని మాత్రమే అది చెబుతుంది, డబ్బా మీద రాసిన ప్రతి మాటకూ పూచీ పడదు.

జబ్బు నయమైనవారి ఉత్తరాలను చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. రోగం ఫలానా అని నిర్ణయించింది ఎవరు? మందు లేకపోయినా అది తగ్గేదేనా? మందు వాడి కూడా చనిపోయినవారి ఉత్తరం ఎక్కడ? డాక్టర్ విలియమ్స్ పింక్ మాత్రలవారు ఈ ఉత్తరాలను వార్తల్లాగే కనిపించేటట్టు పత్రికల్లో వేయించేవారు. ఆ మాత్రల్లో ఇనుము ఉండేది గనుక రక్తం తక్కువై పాలిపోయిన ఆడపిల్లలకు మేలు జరిగి ఉండవచ్చు. పక్షవాతం, నరాల జబ్బులు కుదిరాయన్న కథలు ఆ మేలు భుజాల మీద ఎక్కి వచ్చినవే.

బహుమానం ప్రకటించినవాడి షరతులను అక్షరం అక్షరం చదవాలి. న్యాయశాస్త్రం చదివే విద్యార్థులందరికీ తెలిసిన కార్బాలిక్ స్మోక్ బాల్ కేసు ఒక మందు ప్రకటన మీద నడిచినదే. కార్బాలిక్ ఆసిడ్ పొడి నింపిన రబ్బరు బంతిని నొక్కి ముక్కుతో పీల్చాలి. రోజుకు మూడుసార్లు రెండు వారాలు వాడిన తరువాత కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని, అందుకు 1000 పౌండ్లు బ్యాంకులో వేశామని 1891లో ప్రకటించారు. చెప్పినట్టే వాడిన లూయిసా కార్లిల్‌కు 1892 జనవరిలో జబ్బు వచ్చింది. అది ఊరికే గొప్పకు వేసిన ప్రకటన అని కంపెనీ వాదించినా, బ్యాంకులో డబ్బు వేశామన్న మాటే వారి నిజమైన ఉద్దేశానికి సాక్ష్యమని అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఆ తరువాత కంపెనీ చేసిన పని మరింత ముచ్చటైనది: 1893లో బహుమానాన్ని 200 పౌండ్లకు పెంచి, ఎవరికీ అందకుండా షరతులను బిగించింది.

ప్రతి ప్రకటనా మోసమేనని మాత్రం అనుకోకూడదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం ఈ కాలానిదే, దాని రాబడే తరువాత ఆంధ్రపత్రికను నిలబెట్టింది. నొప్పికి పైన పూసుకునే మందును నొప్పికే అమ్మితే పేచీ ఏముంది?

ఇదే పరీక్షను నేటి గోడ ప్రకటనలకు, ఫోనులో వచ్చే వీడియోలకు పెట్టవచ్చు. మన దేశంలో 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం కొన్ని రోగాల పేర్లను ఒక పట్టికగా చేర్చి, వాటిని కుదురుస్తామని ప్రకటించడాన్ని నిషేధించింది. మధుమేహం, క్యాన్సరు, మూర్ఛ, పక్షవాతం, బొల్లి, కీళ్లవాతం, మూత్రపిండాల్లో రాళ్లు, సుఖరోగాలు, చివరికి ఎత్తు పెరగడం కూడా అందులో ఉన్నాయి. హాలోవే పట్టికను పక్కన పెట్టి చూస్తే ఎన్నో పేర్లు కలుస్తాయి. మొదటిసారి తప్పు చేసినవారికి ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఫిర్యాదు చేయదలచినవారు ప్రకటనను తేదీతో సహా ఫొటో తీసి, రోగం పేరు ఉన్న వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి రాసి, డబ్బా మీది తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు జతచేసి జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.