ఆర్థిక వార్త మీద వ్యాఖ్య రాసేముందు అంకెను పరీక్షించడం ఎలా

ధరలు, ఉద్యోగాలు, కంపెనీల లాభాల మీద అభిప్రాయం రాయాలనుకుంటే, వార్తలోని అంకెను దేనితో పోల్చి చెప్పారో ముందు తేల్చుకోండి. వ్యాఖ్యల్లో దొర్లే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

శీర్షికను పక్కన పెట్టి, ఆ అంకెను విడుదల చేసిన గణాంక సంస్థ లేదా కంపెనీ అసలు ప్రకటన తెరవండి. నాలుగు సంగతులు రాసుకోండి: అంకె ఏ కాలానిది, కిందటి నెలతో పోల్చారా లేక కిందటేడాది ఇదే నెలతోనా, ధరల పెరుగుదలను మినహాయించారా, ఇది తొలి అంచనానా సవరించినదా. వీటిలో ఒక్కటి దొరక్కపోయినా దాని మీద వాదన కట్టకండి.

పోలిక మారితే అంకె ఎంత మారుతుందో చూడండి. 2020 జులై–సెప్టెంబరులో అమెరికా జీడీపీ 33.1 శాతం పెరిగిందని తొలి అంచనా వచ్చింది. అది వార్షిక రేటు. అంటే అదే వేగం నాలుగు త్రైమాసికాలు సాగితే ఎంతవుతుందన్న లెక్క. ముందటి త్రైమాసికంతో పోలిస్తే పెరిగింది 7.4 శాతమే. అప్పటికీ ఉత్పత్తి 2019 చివరి స్థాయికి చేరలేదు. బాగా పడిపోయిన తర్వాత వచ్చే పెరుగుదల ఎప్పుడూ ఘనంగానే కనిపిస్తుంది. 100 నుంచి 20 శాతం తగ్గితే 80 అవుతుంది, తిరిగి 100కు రావాలంటే 25 శాతం పెరగాలి. కాబట్టి శాతంతో పాటు అసలు స్థాయినీ రాయండి. వీలైతే ఐదేళ్ల అంకెలు వరసగా ఇవ్వండి.

ద్రవ్యోల్బణం (ధరలు పెరిగే రేటు) తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు. 100 ఉన్న ధర మొదటి ఏడాది 8 శాతం, రెండో ఏడాది 3 శాతం పెరిగితే 111.24 అవుతుంది. ద్రవ్యోల్బణం 8 నుంచి 3కు దిగింది, కొనేవాడి భారం మాత్రం దిగలేదు. జీతాలనూ ఇలాగే చూడాలి. జీతం 5 శాతం, ధరలు 6 శాతం పెరిగితే 1.05ను 1.06తో భాగించండి. కొనుగోలు శక్తి దాదాపు 0.9 శాతం తగ్గినట్టు తేలుతుంది. వడ్డీ రేటు 4 నుంచి 6 శాతానికి పెరిగితే ‘2 శాతం పాయింట్లు’ అని రాయాలి. ‘2 శాతం పెరిగింది’ అంటే తప్పు, ఎందుకంటే శాతంలో అది 50 శాతం పెరుగుదల.

అన్నింటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది నిరుద్యోగ రేటు. పని లేనివాళ్లందరూ ఈ లెక్కలో నిరుద్యోగులు కారు. పని కోసం వెతుకుతూ, దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవాళ్లనే లెక్కిస్తారు. శ్రామిక శక్తి, అంటే పని చేస్తున్నవాళ్లూ ఇలా వెతుకుతున్నవాళ్లూ కలిపి 100 మంది, అందులో నిరుద్యోగులు 10 మంది అనుకోండి. రేటు 10 శాతం. నలుగురు విసిగి వెతకడం మానేస్తే శ్రామిక శక్తి 96, నిరుద్యోగులు 6, రేటు 6.25 శాతం. కొత్తగా ఒక్కరికీ పని దొరకలేదు! వెతికి వేసారిన మనుషులను లెక్కలోంచి జారవిడిచి ‘పరిస్థితి మెరుగైంది’ అని రాయడం వాళ్లకు అన్యాయం చేయడమే. అందుకే శ్రామిక భాగస్వామ్య రేటు (పని చేసే వయసువాళ్లలో శ్రామిక శక్తి ఎంత శాతమో చెప్పే అంకె) కూడా చూడకుండా ఈ విషయం మీద కలం పెట్టకండి.

తొలి అంచనాలను తొలి అంచనాలుగానే వాడండి. 2024 మార్చితో ముగిసిన 12 నెలల్లో ఉద్యోగాల పెరుగుదలను 8,18,000 ఎక్కువగా అంచనా వేశామని అమెరికా కార్మిక గణాంక విభాగం ఆ ఏడాది ఆగస్టులో ప్రాథమిక సవరణలో చెప్పింది. ఎవరో మోసం చేశారని దీనికి అర్థం కాదు. సర్వేకు సంస్థల్లో కొన్నింటినే తీసుకుంటారు, పూర్తి రికార్డులు తర్వాత అందుతాయి.

ఆదాయాల విషయంలో సగటుతో పాటు మధ్యగతం (ఆదాయాలను చిన్నదాని నుంచి పెద్దదాకా పేరిస్తే నడుమ వచ్చేది) అడగండి. తొమ్మిది మందికి తలా 20, ఒకరికి 320 వస్తే సగటు 50, మధ్యగతం 20. సగటు చెప్పే మనిషి ఆ పదిమందిలో లేడు.

కంపెనీ లాభం రెట్టింపైందంటే అది వ్యాపారం మీద వచ్చిందా, ఆస్తి అమ్మితే వచ్చిందా చూడండి. నికర లాభం పెరుగుతూ, కార్యకలాపాల నగదు ప్రవాహం (వ్యాపారం మీద నిజంగా చేతికొచ్చిన డబ్బు) తగ్గుతుంటే బకాయిల పద్దు తెరవండి. అమ్మకాల కన్నా రావాల్సిన బాకీలు వేగంగా పెరుగుతుంటే అది ప్రమాద సూచన.

సామాజిక అంశాల్లో నమోదుకూ జరిగినదానికీ తేడా గుర్తుంచుకోవాలి. ఫిర్యాదు చేయడం సులువైతే నమోదైన నేరాలు పెరుగుతాయి, అసలు నేరాలు పెరగకపోయినా సరే. నమోదు పద్ధతి ఏ ఏడాది మారిందో చూసి, ఆ ముందూ తర్వాతా అంకెలను నేరుగా పోల్చకండి.

ఇక రాయడం. ఒక వ్యాఖ్యలో ఒకే వాదన పెట్టండి. అంకె, కాలం, విడుదల చేసిన సంస్థ పేరు మొదటి రెండు పేరాల్లోనే రావాలి. ఆ అంకెకు మీ కారణం కాకుండా ఇంకో కారణం ఏముండొచ్చో రాసి, అది ఎందుకు సరిపోదో చూపండి. చూపలేకపోతే మీ వాదనను ఆ మేరకు తగ్గించుకోండి. ఆ కంపెనీ షేర్లు మీ దగ్గరుంటే ముందే చెప్పండి. తర్వాత అంకె సవరించినప్పుడు పాత వాక్యాన్ని చెరిపేయకుండా, కొత్త అంకెను తేదీతో సహా దాని కిందే చేర్చండి.