సెరిబ్రల్ పాల్సీ (పసితనంలో మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పడం) ఉన్న పిల్లల చేతి బలం ఎలా కొలవాలి?

పాదాలు నేలకు ఆనే కుర్చీ, బల్ల, పట్టు కొలిచే డైనమోమీటర్, లీటరు నీళ్ల సీసా, చిన్న బకెట్, నోటు పుస్తకం. ఇవి చాలు. డైనమోమీటర్ లేకపోతే బీపీ యంత్రం పట్టీని చుట్టచుట్టి, ముల్లు 20 దగ్గరకు వచ్చేదాకా గాలి నింపి పిండించండి. ఆ అంకెను కిలోల అంకెతో మాత్రం పోల్చకండి.

బిడ్డను కూర్చోబెట్టండి. భుజం ఒంటికి ఆని, మోచేయి 90 డిగ్రీలు వంగి, బొటనవేలు పైకి ఉండాలి. బాగా పనిచేసే చేయి ముందు. ఒక్కో చేతికి మూడుసార్లు, మధ్యలో నిమిషం విరామం. సగటు రాసుకోండి.

అందరూ పాడుచేసేది మణికట్టు దగ్గరే. ఈ పిల్లల్లో చాలామందికి అది లోపలికి వంగి ఉంటుంది. అలా వంగితే వేళ్లను ముడిచే కండరాలు ముందే కురచబడతాయి, పిండడానికి సత్తువ మిగలదు. నమ్మకపోతే మీ మణికట్టును పూర్తిగా లోపలికి వంచి పిడికిలి బిగించి చూడండి. మణికట్టు నిటారుగా గానీ, కాస్త వెనక్కి గానీ ఉండాలి. నిలవకపోతే ముంజేతి కింద ఆసరా ఇవ్వండి. వేళ్లను తాకవద్దు, బలవంతంగా వెనక్కి లాగవద్దు; లాగితే కండరం ఇంకా బిగుస్తుంది. ఆసరా ఇచ్చిన సంగతి పుస్తకంలో రాయండి. మూడు నెలలకు ఆసరా లేకుండా కొలిచి, ‘బలం తగ్గిందమ్మా’ అని తల్లిని ఏడిపించే మహానుభావులున్నారు.

‘ఇంకా గట్టిగా!’ అని అరవకండి. ఒళ్లంతా బిగుసుకుంటుంది, రెండో చేయి కూడా ముడుచుకుంటుంది, నడుము పక్కకు ఒరుగుతుంది. ఒరిగితే ఆ కొలత కొట్టేయండి. మామూలు గొంతుతో ‘పిండు నాన్నా’ అంటే చాలు.

పిండడం వేరు, పని చేయడం వేరు. అందుకే సీసాలో పావులీటరు నీళ్లు పోసి, ఎత్తి గ్లాసులోకి వంచమనండి. పావులీటరు చొప్పున పెంచండి. లీటరు నీళ్లు కిలో కనుక తూకం అక్కరలేదు, ఖాళీ ప్లాస్టిక్ సీసా బరువు లెక్కలోకి రాదు. తర్వాత రెండు చేతులతో బకెట్, అలాగే నీళ్లు పెంచుతూ. ఛాతీకి ఆనించుకుని ఎత్తితే లెక్క కాదు, అంతకు ముందటి బరువే రాయండి. బరువులెత్తించడానికి ఖరీదైన రంగురంగుల దిమ్మెలు తెప్పించే వారితో నాకు పేచీ ఉంది. పాలమూరు ఇంట్లో బిడ్డ ఎత్తాల్సింది చెంబు, రొట్టెల డబ్బా, బడిసంచి.

మళ్లీ కొలిచేటప్పుడు అదే కుర్చీ, అదే పూట. ఆ పూట ఉదయమే కావాలి. దేవరకొండ నుంచి నల్గొండకు బస్సులో మధ్యాహ్నం చేరిన బిడ్డను ఆ రోజు కొలవకండి, ఆడించి పంపండి.