తుపాను గాలులకు వీధిలో నిలిపిన మోటారు సైకిలు పడిపోకుండా ఏం చేయాలి?

విశాఖపట్నంలో సొంత పార్కింగు లేని కుటుంబాల బండ్లు రాత్రంతా వీధిలోనే ఉంటాయి. వేసవి సాయంత్రాల్లో ఉరుములతో వచ్చే ఈదురుగాలులు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో పుట్టే తుపాన్లు వాటికి ప్రధాన ప్రమాదాలు. గాలి వేగం రెట్టింపైతే అది బండిని నెట్టే బలం నాలుగింతలవుతుంది కాబట్టి, మామూలు గాలికి కదలని బండి తుపానుకూ నిలుస్తుందని భావించకూడదు.

ముందుగా చోటు మార్చాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలులతో నగరాన్ని తాకినప్పుడు వేలాది చెట్లు కూలిపోయాయి. అందువల్ల చెట్లు, హోర్డింగులు, కరెంటు స్తంభాలు, రేకుల కప్పులు, బలహీనమైన ప్రహరీ గోడలు ఉన్న చోట బండిని ఉంచకూడదు. రెండు ఎత్తయిన భవనాల మధ్య సందులో గాలి మరింత వేగం పుంజుకుంటుంది. సెల్లారు గాలి నుంచి కాపాడినా వాన నీటితో నిండిపోవచ్చు కాబట్టి, తెలిసినవారి అపార్ట్‌మెంటులో నేల మట్టానికి కాస్త ఎత్తుగా ఉన్న పార్కింగు దొరికితే, మొహమాటపడకుండా ఒకటి రెండు రోజులకు అడగడం మేలు.

వీధిలోనే ఉంచక తప్పనప్పుడు బండి ఏ దిక్కుకు తిరిగి ఉందన్నది అన్నిటికంటే ముఖ్యం. సైడ్ స్టాండు ఎడమ వైపు ఉంటుంది. కుడి నుంచి వచ్చే గాలి బండిని స్టాండు మీదికే అదుముతుంది, ఎడమ నుంచి వచ్చేది దాన్ని నిటారుగా లేపి కుడి వైపుకు పడేస్తుంది. కాబట్టి ముందు చక్రం గాలికి ఎదురుగా ఉండేలా, అది కుదరకపోతే గాలి కుడి వైపు నుంచి తగిలేలా నిలపాలి. అయితే తుపాను కేంద్రం నగరం మీదుగా దాటితే, కాసేపు ప్రశాంతంగా ఉన్న తర్వాత గాలి వ్యతిరేక దిశ నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. అందుకే దిశను మాత్రమే నమ్ముకోకుండా, కింద చెప్పినట్టు తాడు కూడా కట్టాలి.

చాలామంది సెంటర్ స్టాండే గట్టిదనుకుంటారు; కానీ దాని మీద బండి బరువు కాస్త పైకి లేస్తుంది, పక్కల నుంచి వీచే గాలికి ఊగి పడిపోవడం తేలిక. సైడ్ స్టాండు వేసి, ఇంజిను ఆపి, మొదటి గేరులో ఉంచి, హ్యాండిల్‌ను ఎడమకు తిప్పి లాక్ చేయాలి. గేరు లేని స్కూటరుకు ముందు బ్రేకు లివరును పిడికి బిగించి కట్టాలి. వాలు వీధుల్లో ముందు చక్రం ఎగువ వైపు ఉండాలి. మట్టి నేలయితే స్టాండు కింద వెడల్పాటి చెక్కముక్క పెట్టాలి.

బండి మీది కవరును తీసేయాలి. వదులుగా ఉన్న కవరు తెరచాపలా గాలిని పట్టి బండిని లాగేస్తుంది. వాన నీరు పోకుండా సైలెన్సరు మూతికి మాత్రం ప్లాస్టిక్ సంచి కట్టి, బండిని స్టార్ట్ చేసే ముందు గుర్తుంచుకుని తీసేయాలి.

తాడు కట్టడానికి బండికి ఎడమ వైపున ఉన్న గట్టి కాంక్రీటు స్తంభం (కరెంటు స్తంభం కాదు) అనువైనది, ఎందుకంటే స్టాండు ఎడమకు పడనివ్వదు, తాడు కుడికి పడనివ్వదు. లావుపాటి నైలాను తాడును ఛాసిస్‌కు కట్టాలి గానీ అద్దాలకు, హ్యాండిల్ చివరలకు, ప్లాస్టిక్ భాగాలకు కట్టకూడదు. బండిని కాస్త కిందికి అదిమి పట్టి ముడి బిగిస్తే తర్వాత తాడు వదులు కాదు. రెండు వైపులా ఆధారం దొరికితే రెండు తాళ్లు మరింత మంచిది. ఇదంతా గాలి మొదలవడానికి ముందే, పగటి వెలుతురులో పూర్తి కావాలి. బండి పడిపోతోందని గాలివానలో బయటికి పరుగెత్తడం ప్రాణాపాయం.

గాలి తగ్గాక, తెగిన కరెంటు తీగలు లేవని దూరం నుంచే చూసుకున్న తర్వాత బండి దగ్గరికి వెళ్లాలి. నీట మునిగిన బండిని మెకానిక్ చూసేదాకా స్టార్ట్ చేయకూడదు. సముద్రపు ఉప్పు ఇనుమును తినేస్తుంది కాబట్టి మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, చైనుకు నూనె వేయాలి. తుపాను నష్టం థర్డ్ పార్టీ బీమా కిందికి రాదు. సమగ్ర బీమా ఉన్నవారు పడిపోయిన బండిని లేపడానికి ముందే అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి, ఆలస్యం చేయకుండా బీమా సంస్థకు తెలియజేయాలి.