రేడియోలో కబడ్డీ చెప్పడం: విశాఖ ఇండోర్ హాళ్లకు పనికొచ్చే పద్ధతి

2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి తెలుగు టైటాన్స్ పుణ్యమా అని విశాఖవాసులకు ఈ ఆట టీవీలో బాగా అలవాటైంది. టీవీలో సగం పని బొమ్మే చేసిపెడుతుంది. రేడియోలోనో ఆడియో స్ట్రీమ్‌లోనో వినేవాళ్లకు మాత్రం అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఒకటుంది: మ్యాట్ మీద ఇప్పుడు ఎందరున్నారు? రైడర్‌కు, అంటే కూతకు వెళ్లినవాడికి, ఎదుట ఆరుగురు, ఆపైన ఉంటేనే బోనస్ పాయింటు. ముగ్గురో అంతకన్నా తక్కువో ఉండి అతన్ని పట్టేస్తే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. ఆ లెక్క చెప్పకుండా ఎంత గట్టిగా అరిచినా ఉత్కంఠ పుట్టదు.

లెక్కను జ్ఞాపకానికి వదిలేయకండి. అట్ట మీద కోర్టు గీసి, ఏడు తెల్ల, ఏడు నల్ల క్యారమ్ బిళ్లల మీద జెర్సీ నంబర్లు అంటించండి. పక్కన ఒక సహాయకుడు కూర్చుని వాటిని జరుపుతుండాలి. అవుటైన బిళ్లలను వరుసలో పేర్చాలి, ఎందుకంటే ముందు అవుటైనవాడే ముందు లోపలికి వస్తాడు. ఐస్ హాకీలో ఆట నడుస్తుండగానే ఆటగాళ్లు మారిపోతుంటారు కాబట్టి, అది చెప్పేవాళ్లకు నంబర్లు కంఠతా వచ్చి తీరాలి. మనకూ ఆ సాధన కావాలి.

కూతకు ఉన్నది 30 సెకన్లు. మొదటి ఐదు సెకన్లలో ఎవరు, ఎటువైపు, ఎదుట ఎందరు అన్నది అయిపోవాలి. చిక్కంతా ఆ తర్వాతే. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. 'కుడి కార్నర్‌లో ఉన్న డిఫెండర్‌ను కాలితో తాకడానికి ప్రయత్నిస్తూ' అని మొదలుపెడితే, వాక్యం ముగిసేలోగా రైడర్ గీత దాటేసి ఉంటాడు. ముక్కలుగా చెప్పండి: 'ఎదుట ఐదుగురు. బోనస్ లేదు. కుడి కార్నర్ మీదికి... కాలు చాచాడు... పట్టు పడింది... లాగుతున్నాడు... గీత తాకాడు!' పాయింటు మాత్రం అంపైర్ చెయ్యి చూశాకే ప్రకటించాలి. తొందరపడి ఇచ్చేసి, వెనక్కి తీసుకుంటే స్కోరు మీద వినేవాళ్ల నమ్మకం పోతుంది.

నిమిషానికోసారి స్కోరు చెప్పాలి. విరామం తర్వాత జట్లు కోర్టు మారతాయి, ఆ సంగతి గుర్తుచేయకపోతే మీ కుడిఎడమలన్నీ తలకిందులే.

ఇక మైకులు. మీకు డైనమిక్ హెడ్‌సెట్ మైకు, పెదవి మూల నుంచి రెండు వేళ్ల దూరంలో. కండెన్సర్ మైకు పెడితే హాలు ప్రతిధ్వని అంతా మీ గొంతులో కలుస్తుంది. కూత వినపడటానికి మధ్యగీతకు సూటిగా ఒక షాట్‌గన్ మైకు (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి మైకు) పెట్టండి, ఆటగాళ్లు పడే చోటుకు బాగా అవతల. దీనికి మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారానే మైకుకు వెళ్లే కరెంటు) ఆన్ చేయాలి. అనౌన్సర్ స్పీకర్లు దీని వెనకవైపు పడాలి. మీటర్ మీద గొంతు గరిష్ఠం మైనస్ 12 డీబీ దగ్గర, జనం సందడి దానికి ఇంకో 12 డీబీ కింద ఉంటే మాట స్పష్టంగా ఉంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే గుయ్యిమంటే, మిక్సర్‌నీ దాన్నీ ఒకే ప్లగ్ బోర్డుకు మార్చి చూడండి.

మన సముద్రపు గాలికి కేబుల్ పిన్నులు పచ్చబారతాయి, కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. ఏసీ కారులోంచి తెచ్చిన మైకును వెంటనే తీస్తే చెమ్మ పడుతుంది, అరగంట సంచిలోనే ఉంచాలి.

ఒక్క గొంతుకు మోనో 64 కేబీపీఎస్ చాలు. కానీ హాలు నిండాక మొబైల్ డేటా కుంటుపడుతుంది. ఖాళీ హాల్లో చేసిన పరీక్షను నమ్మకండి. బ్రాడ్‌బ్యాండ్ తీగ అడిగి తీసుకోండి, తోడుగా వేరే కంపెనీ సిమ్ ఉంచుకోండి. నిర్వాహకుల రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ప్రో లీగ్ మ్యాచ్‌లకైతే ప్రసార హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి.

లైను తెగినా మాట ఆపొద్దు, రికార్డర్ నడుస్తూనే ఉండాలి. లైను తిరిగి రాగానే ముందు స్కోరు, ఆ వెంటనే మ్యాట్ మీద ఎందరున్నారో చెప్పి ఆటలోకి వెళ్లండి.