పాత మీటరు, స్పీకరు విప్పే ముందు: అల్నికో అయస్కాంతంతో జాగ్రత్తలు

స్క్రూడ్రైవరు చేతికి తీసుకునే ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: అయస్కాంతాన్ని నిజంగా బయటికి తీయాలా? మూవింగ్ కాయిల్ అమ్మీటరులో (అయస్కాంతం మధ్య తీగచుట్ట తిరిగి కరెంటును కొలిచే పరికరం) స్ప్రింగు సరిచేయడానికీ, పాత స్పీకరుకు కొత్త కోను అంటించడానికీ చాలాసార్లు దాన్ని ముట్టుకోనక్కరలేదు. బయటికి తీస్తే మాత్రం పగలకుండా, గీత కూడా పడకుండా పాడవుతుంది. మళ్లీ యథాస్థానంలో బిగించినా పోయిన బలం తిరిగి రాదు.

అల్నికో అంటే ఇనుములో అల్యూమినియం, నికెల్, కోబాల్టు, సాధారణంగా కొంత రాగి కలిపిన మిశ్రమలోహం. 1931లో జపాన్‌లో తొకుషిచి మిషిమా కనుగొన్న ఇనుము–నికెల్–అల్యూమినియం మిశ్రమంతో ఈ వంశం మొదలైంది. ఎక్కువగా కనిపించే అల్నికో 5లో నిలిచే క్షేత్రం సుమారు 12,500 గాస్ (అయస్కాంత క్షేత్రపు కొలత). నల్లని ఫెర్రైట్ అయస్కాంతంలో అది 4,000 దరిదాపుల్లోనే ఉంటుంది. అయితే ఎదురు క్షేత్రాన్ని ఓర్చుకునే శక్తి అల్నికో 5కు 640 ఆయిర్‌స్టెడ్లే (ఎదురు క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం). నియోడిమియం అయస్కాంతం పది వేలకు కూడా లొంగదు.

ఆ ఎదురు క్షేత్రం బయటి నుంచే రానక్కరలేదు. అయస్కాంతం సొంత ధ్రువాలే దాన్ని పుట్టిస్తాయి. ఒక ధ్రువం నుంచి రెండోదానికి ఇనుప దారి ఉన్నంతకాలం దాని ప్రభావం స్వల్పం. దారి తెగిన క్షణంలోనే అయస్కాంతం తనను తానే బలహీనపరచుకుంటుంది. అందుకే డిజైనర్లు అల్నికోను బిళ్లగా కాకుండా, వ్యాసానికి నాలుగైదు రెట్ల పొడవున్న కడ్డీగానో, గుర్రపునాడాగానో వాడతారు. పొట్టి దిమ్మెను వాడాల్సి వస్తే ఇనుప కప్పులో కూర్చోబెట్టి, అంతా బిగించిన తర్వాతే అయస్కాంతీకరిస్తారు. పాత స్పీకర్లలో ఎక్కువగా కనిపించేది ఈ పద్ధతే.

తీయక తప్పని పరిస్థితి వస్తే ముందుగా కీపర్ సిద్ధం చేసుకోండి. రెండు ధ్రువాలను పూర్తిగా కప్పేంత మందపాటి మెత్తని ఇనుప ముక్క కావాలి. మీటరు విషయంలో అయస్కాంతాన్ని ఊడబెరికి తర్వాత కీపర్ పెడితే లాభం లేదు, అప్పటికే నష్టం జరిగిపోయింది. కీపర్‌ను ముందే తగిలించి, అయస్కాంతాన్ని పక్కకు జరుపుతూ దానిమీదికి తేవాలి. స్పీకరు కప్పులోని దిమ్మెకు ఈ ఉపాయం సాగదు. కప్పు విప్పితే బలం పోయినట్టే లెక్క. తిరిగి అయస్కాంతీకరించే చోటు దొరికాకే విప్పడం తెలివైన పని.

బల్లమీద నియోడిమియం ఉండకూడదు. అయస్కాంతపు మొన ఉన్న స్క్రూడ్రైవరు బిట్లు, ఫోను కవరులోని బిళ్లలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. సజాతి ధ్రువాలను ఎదురెదురుగా పెట్టి వికర్షణ చూసే సరదా అల్నికోకు చేటు. పక్కల వెంట ఇనుప పనిముట్లు రాయడమూ అంతే, మధ్యలో లేనిపోని ధ్రువాలు ఏర్పడతాయి. ట్రాన్స్‌ఫార్మరుతో పనిచేసే సోల్డరింగ్ గన్ కొన దగ్గర ప్రత్యావర్తన క్షేత్రం బలంగా ఉంటుంది. మామూలు సోల్డరింగ్ ఐరన్ వాడండి.

వేడికి మాత్రం భయపడక్కరలేదు. సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేయగల పదార్థం ఇది. డిగ్రీకి తగ్గే బలం 0.02 శాతమే. కొలత పరికరాలు ఇప్పటికీ దీన్ని వదలకపోవడానికి ఇదో కారణం.

రంధ్రం చేయాలని చూడకండి. ఇది గట్టిది, పెళుసుది. డ్రిల్లు బిట్టుకు లొంగదు, అంచులు పెచ్చులూడి కంటికి తగలవచ్చు. సానపట్టక తప్పకపోతే నీరు పోస్తూ, కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని చేయాలి. కోబాల్టు, నికెల్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కళాశాల ప్రయోగశాలల్లోని దండాయస్కాంతాలను డబ్బాలో కుప్పగా పడేసి సెలవులకు వెళ్లే అలవాటు మానాలి. రెండేసి చొప్పున విజాతి ధ్రువాలు పక్కపక్కనే వచ్చేలా అమర్చి, మధ్యలో చెక్క పట్టీ, రెండు చివర్లా కీపర్లు పెట్టండి.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందంటారా? అమ్మీటరులో అయస్కాంతం 10 శాతం బలహీనపడితే 10 ఆంపియర్ల కరెంటు 9గా కనిపిస్తుంది. తక్కువ చూపే మీటరును నమ్మడం ప్రమాదం. పాత చక్రం కరెంటు మీటరులో చక్రం వేగాన్ని అదుపులో ఉంచే బ్రేకు అయస్కాంతం అంతే తగ్గితే చక్రం దాదాపు 23 శాతం వేగంగా తిరుగుతుంది, ఎందుకంటే బ్రేకు బలం క్షేత్రపు వర్గాన్ని అనుసరిస్తుంది. బిల్లు పెరిగేది మనకే. ఆ మీటరు సీలు తెంచడం ఎలాగూ చట్టప్రకారం నేరం, దాన్ని విద్యుత్ సిబ్బందికే వదిలేయండి.

విప్పే ముందు తెలిసిన కరెంటు పంపి సూది ఎక్కడ నిలిచిందో రాసుకోండి. ధ్రువాలను దిక్సూచితో చూసి గుర్తు పెట్టండి. బిగించాక అదే కరెంటుకు సూది వెనకబడితే, ముందుకన్నా ఎక్కువసేపు ఊగితే, నిరోధాలు మార్చి సరిపెట్టుకోకండి. రీడింగు సరిపోయినా ఊగడం తగ్గదు. అల్నికో 5ను తిరిగి నింపడానికి సుమారు 3,000 ఆయిర్‌స్టెడ్ల క్షేత్రం కాసేపు చాలు. ఆ పని అంతా బిగించిన మీటరు మీదే, పెట్టుకున్న గుర్తుల ప్రకారం జరగాలి.