పస్కా పళ్లెంలో గుడ్డు: ఎలా ఎంచుకోవాలి, ఎలా కాల్చాలి, ఎప్పుడు తినాలి?

ఈజిప్టు నుంచి విడుదలైన రోజును తలచుకుంటూ యూదులు పస్కా పండుగ రాత్రి చేసే భోజనాన్ని సేదెర్ అంటారు. బల్ల మధ్యలో ఒక పళ్లెం ఉంటుంది. అందులో చేదుకూరలు, కాల్చిన ఎముక, ఉప్పునీళ్లలో ముంచి తినే ఆకుకూర, పండ్లూ గింజలూ కలిపి నూరిన ముద్ద. వాటి పక్కనే అక్కడక్కడ మాడిన మచ్చలతో ఒక గుడ్డు. హీబ్రూలో దాని పేరు బేత్సా. ఎవరైనా మిమ్మల్ని సేదెర్‌కు పిలిచి ఈ గుడ్డు పనిలో సాయం అడిగితే ఏం చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం. ఇది మనకు మరీ దూరపు సంగతి కూడా కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయీం యూదులు ఉన్నారు.

పొయ్యి దగ్గరకు వెళ్లే ముందు ఆ గుడ్డు దేని బదులు అక్కడ ఉందో తెలుసుకోవాలి. యెరూషలేము మందిరం నిలిచి ఉన్న రోజుల్లో పస్కాకు రెండు బలుల మాంసం తినేవారు. ఒకటి పస్కా గొర్రెపిల్ల, రెండోది హగీగా అనే పండుగ బలి. ముందు హగీగాతో కడుపు నింపుకొని, చివర్లో పస్కా మాంసం తినేవారు. క్రీ.శ. 70లో రోమన్ సేనలు మందిరాన్ని కూల్చేశాక బలులు ఆగిపోయాయి. పళ్లెంలోని ఎముక పస్కా బలికి గుర్తు, గుడ్డు హగీగాకు గుర్తు.

అయితే ఆ రెండో గుర్తు గుడ్డే కావాలని మొదట ఎవరూ తేల్చి చెప్పలేదు. బల్ల మీదికి రెండు వండిన పదార్థాలు తేవాలని మాత్రమే యూదుల పాత నియమాల సంకలనం మిష్నా చెప్పింది. ఏమిటా రెండు అని, మిష్నా మీద సాగిన చర్చల గ్రంథం తల్మూద్‌లో రబ్బీలు, అంటే ధర్మపండితులు, చర్చించారు. బీట్‌కూర, అన్నం చాలన్నాడు రవ్ హునా. రెండు రకాల మాంసం ఉండాలన్నాడు రవ్ యోసేఫ్. చేప, దాని మీద పూసిన గుడ్డు కూడా చాలునన్నాడు హిజ్కియా. ఒకప్పుడు అన్నం కూడా ఆ పళ్లెం దాకా వచ్చిందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదులు పస్కా రోజుల్లో అన్నం ముట్టరు కాబట్టి ఆ సంగతి మరింత విలువైనదిగా తోస్తుంది.

గుడ్డు ఎంపిక

పక్షి తినదగినదైతేనే దాని గుడ్డు తినదగినది. కోడిగుడ్డుతో ఆ చిక్కు లేదు. అసలు చిక్కు రక్తపు చుక్కతో వస్తుంది. పగలగొట్టిన గుడ్డులో చుక్క కనిపిస్తే దాన్ని పారేయడం ఆచారం. అందుకే యూదుల వంటింట్లో అట్టు వేసేటప్పుడు ప్రతి గుడ్డునూ విడిగా ఒక గాజు గ్లాసులో పగలగొట్టి, అడుగు నుంచి కూడా చూసి, ఆ తరువాతే గిన్నెలో పోస్తారు. పెంకుతో ఉడికించే గుడ్డును అలా చూడలేం కదా. చాలా గుడ్లలో రక్తం ఉండదు కాబట్టి ఆ ఎక్కువ శాతాన్ని నమ్ముకోవచ్చని ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది. అయినా కనీసం మూడు గుడ్లు కలిపి ఉడికించడం చాలా ఇళ్లలో అలవాటు. నాటు గుడ్ల కన్నా ఫారం గుడ్లతో ఇబ్బంది తక్కువ. పుంజు లేకుండా పెట్టిన గుడ్లు కాబట్టి వాటి విషయంలో నియమం అంత కఠినం కాదు.

ఆ ఇంట్లో కోళ్లు పెంచుతుంటే ఇంకో మాట గుర్తుంచుకోవాలి. పండుగ రోజు కోడి పెట్టిన గుడ్డు ఆ రోజు పనికిరాదు. తల్మూద్‌లో ఒక భాగం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది, దాని పేరే బేత్సా. షమ్మాయి అనే గురువు శిష్యులు తినవచ్చన్నారు, హిల్లేల్ అనే మరో గురువు శిష్యులు కూడదన్నారు. మామూలుగా కఠినంగా ఉండేది షమ్మాయి పక్షం. ఇక్కడ మాత్రం మాట తిరగబడింది. రబ్బా అనే పండితుడు చెప్పిన కారణం చాలా సూక్ష్మమైనది. ఈ రోజు బయటికి వచ్చిన గుడ్డు కోడి కడుపులో నిన్ననే పూర్తయింది. పండుగ ఆదివారం వస్తే ఆ గుడ్డు విశ్రాంతి దినమైన శనివారం తయారైనట్టు. విశ్రాంతి దినం మరో రోజుకు వంట సిద్ధం చేసి పెట్టకూడదు. ఆ ఒక్క ఆదివారం కోసం అన్ని పండుగలకూ నిషేధం పెట్టారు. ఆ గుడ్డును చేత్తో కదపకూడదు, కానీ పగిలిపోకుండా దాని మీద ఒక గిన్నె బోర్లించవచ్చు. వెయ్యి గుడ్లలో కలిసిపోతే ఆ వెయ్యీ ఆ రోజుకు నిషిద్ధమే. తినడానికి వీల్లేని గుడ్డు పగలకూడదని గిన్నె బోర్లించే ఆ జాగ్రత్త నాకు ఎంతో ఇష్టం.

ఉడికించడం

వంట ఆ ఇంటివాళ్ల గిన్నెల్లోనే చేయండి. పస్కాకు వాడే పాత్రలు వేరు, మామూలు రోజుల్లో పులిసిన పిండి తగిలిన గిన్నె పనికిరాదు. మీరు యూదులు కాకపోతే పొయ్యి వాళ్లనే వెలిగించమనండి. గుడ్డును పచ్చిగా మింగగలిగినా, పరాయివారు వండితే నిషిద్ధమేనని యూదుల నియమాల పుస్తకం షుల్హాన్ ఆరూఖ్ చెబుతుంది. ఇంటివాళ్లు వెలిగించిన పొయ్యి మీద మీరు వండితే అష్కెనాజీల లెక్కలో సరిపోతుంది. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీల ఇంట్లో అయితే గిన్నెను పొయ్యి మీద పెట్టడం కూడా వాళ్లకే వదిలేయాలి.

గుడ్లు మునిగేలా చన్నీళ్లు పోసి, మరిగాక పది పన్నెండు నిమిషాలు ఉంచి, తీసి చల్లార్చండి. పచ్చి గుడ్డును నేరుగా మంట మీద పెడితే పేలుతుంది. స్పెయిన్ నుంచి తరలి వెళ్లిన సెఫార్దీ కుటుంబాల్లో వేరే పద్ధతి ఉంది. ఉల్లిపొట్టు వేసి సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. పెంకు తీస్తే తెల్లసొన లేత గోధుమ రంగులో, పొగ వాసనకు దగ్గరగా ఉండే రుచితో ఉంటుంది. వాటిని హువెవోస్ హమినాడోస్ అంటారు.

కాల్చడం

కాల్చాలా, ఉడికించి వదిలేయాలా అన్నది ఇంటివాళ్లను అడగండి. 16వ శతాబ్దంలో షుల్హాన్ ఆరూఖ్ రాసిన యోసేఫ్ కారో ఉడికించడమే ఆచారమన్నాడు. పోలండ్‌లోని క్రాకోవ్ నగరపు మోషే ఇస్సెర్లెస్ ఆ పుస్తకంలోనే తన మాట చేర్చాడు: కాల్చినా సరే, మా ఊళ్లో అదే చేస్తాం.

కాల్చేటట్టయితే ఉడికిన గుడ్డును పెంకుతోనే బాగా తుడిచి ఆరనివ్వండి. తడి ఉంటే మచ్చలు సరిగా పడవు. పట్టకారుతో పట్టుకొని గ్యాసు మంట అంచున నెమ్మదిగా తిప్పుతూ ఉండండి. మొదట పెంకు మీద పసుపు రంగు నీడ వస్తుంది, తరువాత గోధుమ రంగు, ఒకచోట నల్లటి మచ్చ. ‘టిక్’ అని సన్నని చప్పుడుతో ఒక గీత పడుతుంది. అక్కడితో ఆపేయండి. గీత పడినా గుడ్డు చెడినట్టు కాదు.

ఇదంతా సూర్యాస్తమయానికి ముందే ముగించాలి. చీకటి పడితే పండుగ రోజు మొదలైనట్టే, ఇక కొత్తగా నిప్పు వెలిగించకూడదు. అప్పటికే వెలుగుతున్న మంట మీద కాలిస్తే దాన్ని ఆ రాత్రో, ఆ మరునాటి పగలో తినేయాలి. సేదెర్ శనివారం రాత్రి వస్తే, 2025లో వచ్చినట్టు, గుడ్డు పని శుక్రవారం సాయంత్రంలోపే అయిపోవాలి.

2026లో ఇశ్రాయేలు బయట ఇంకో గుడ్డు కావాలి. ఏప్రిల్ 2, 3 తేదీలు, గురు శుక్రవారాలు పండుగ, వెంటనే విశ్రాంతి దినం. పండుగ రోజు శనివారానికి వండుకోవాలంటే బుధవారమే ఒక పులియని రొట్టె, ఒక వండిన పదార్థం పక్కన పెట్టాలి. చాలామంది ఆ రెండోదానికి ఉడికించిన గుడ్డే పెడతారు.

ఉప్పునీళ్లు, పళ్లెం

పళ్లెంలో చూసేవారికి ఎగువన ఎడమవైపు గుడ్డు, కుడివైపు ఎముక పెట్టడం సఫెద్ నగరపు రబ్బీ ఇసాక్ లూరియా చూపిన అమరిక. ఒక గిన్నెలో నీళ్లు పోసి కాస్త ఉప్పు కలపండి. విశ్రాంతి దినాన చిక్కటి ఉప్పునీళ్లు కలపకూడదని తల్మూద్ అంటుంది. ఎంత చిక్కగా అంటే గుడ్డు తేలేంత. సేదెర్‌కు అంత ఉప్పు అవసరం లేదు, కన్నీటి రుచి తగిలితే చాలు.

ఈజిప్టు నుంచి విడుదలైన కథంతా చదివి, పులియని రొట్టె, చేదుకూరలు తిన్నాక భోజనం మొదలవుతుంది. చాలా ఇళ్లలో మొట్టమొదట వడ్డించేది ఉప్పునీళ్లలో ముంచిన గుడ్డే. పళ్లెంలోది కాకుండా అందరికీ తలా ఒకటి వచ్చేలా ముందే ఉడికించి పెట్టండి. ఒలిచినవి మిగిలితే రాత్రంతా అలా వదలకండి. ఒలిచిన గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి రాత్రి నిలవుంచి తినడం ప్రాణానికి ముప్పని రబ్బీ షిమోన్ బర్ యోహాయి హెచ్చరించాడు.

విడుదల పండుగ రాత్రి గుడ్డు తినడం దుఃఖానికి గుర్తని ఇస్సెర్లెస్ రాశాడు. యూదుల ఇళ్లలో అంత్యక్రియల నుంచి వచ్చినవారికి మొదట పెట్టే భోజనంలో గుడ్డు ఉంటుంది. పస్కా మొదటి రోజు ఏ వారమో, మందిరం కూలిన ఆవ్ నెల తొమ్మిదో తేదీ కూడా అదే వారం వస్తుంది. 2026లో పస్కా ఏప్రిల్ 2, గురువారం. ఆవ్ తొమ్మిది జులై 23, అదీ గురువారమే. ముందురోజు బుధవారం సూర్యాస్తమయానికి ముందు, ఉపవాసం మొదలయ్యేలోపు, నేల మీద కూర్చొని ఒక గుడ్డు ఒలుస్తారు. దాన్ని ఉప్పునీళ్లలో కాదు, బూడిదలో అద్దుకొని తింటారు.